గుడ్డపీలిక కట్టిన సొరకాయ

ఇలా దగ్గరికి జరగండి, నాయనా. వెనకాల గోడకి ఆనుకున్నవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. మన మంత్రిగారి గొప్పతనం గురించి పేపర్లు రాసినది సగమే. మిగతా సగం మా పెరట్లో జరిగింది. నాకు చదువు అంతంత మాత్రమే గానీ, చూసింది చచ్చినా మరిచిపోను.

"ఇంటింటా తోట, పూటపూటా కూర! ఇకమీదట ఏ ఇల్లాలూ సంచి పట్టుకుని బజారుకి వెళ్లే పని లేదు!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. దేశమంతటికీ ఆదర్శంగా ఒక పెరటి తోట కావాలన్నారు. వెతికి వెతికి మా పెరడునే ఎంచుకున్నారు. మా వీధి చివర ఆయన కారు వెనక్కి తిప్పుకునే చోటుంది మరి.

మర్నాడే తోటల ఆఫీసరు టేపు పట్టుకుని దిగాడు. కుర్రవాడే అయినా బాగా చదువుకున్నవాడు. మొక్కని ముట్టుకోకుండానే లోపం చెప్పేయగలడు.

"ఈ టమాటాలు ఎవరు నాటారు మామ్మగారూ?"

"ఎవరూ నాటలేదు బాబూ. గిన్నెలు కడిగిన నీళ్లలో గింజలు కొట్టుకుపోయి వాటంతటవే మొలిచాయి."

"అనుమతి లేని మొలకలు" అని ట్యాబ్‌లో కొట్టుకున్నాడు. "బీరపాదు బట్టలారేసే తీగ మీదికి ఎక్కిందేంటి?"

"దానికి అదే దగ్గర, ఎక్కేసింది."

"ప్లానింగ్ లేదు."

మా కోడలికి నోరు ఊరుకోదు. "ప్లానింగ్ లేకపోయినా కాయలు కాస్తున్నాయిగా సార్?" అంది.

"అదేనమ్మా వచ్చిన చిక్కు! కాస్తున్న తోటని మేమెలా అభివృద్ధి చేస్తాం? అభివృద్ధి కళ్లకి కనపడాలంటే ముందు అక్కడ ఏమీ ఉండకూడదు."

కోడలు నా వైపు చూసింది. నేను ఆ అబ్బాయి తెలివికి ముచ్చటపడుతూ నిలబడ్డాను.

ప్లాను ప్రకారం పనులు మొదలయ్యాయి. మంత్రిగారు, పీఏగారు, గన్‌మన్లు పక్కపక్కనే నడవాలంటే వెడల్పాటి దారి కావాలి కదా, టమాటాలూ వంకాయలూ ఆ దారికి పోయాయి. నడిచి అలిసిపోతే కూర్చోవడానికి బల్ల కావాలి కదా, బెండ మొక్కలు దానికి పోయాయి. 'ఆదర్శ తోట' అని బోర్డు పెట్టాలంటే ఫొటోకి ఎండ పడే చోటు కావాలి, తోటకూర మడి దానికి పోయింది. బీరపాదుని ఎందుకు పీకారో ఎవరికీ తెలియదు. బహుశా ఊపులో పీకి ఉంటారు. సాయంత్రానికి మా తోట ఎంత అభివృద్ధి చెందిందంటే, ఒక్క సొరపాదు తప్ప అడ్డంగా ఏ మొక్కా లేదు.

సొరపాదుకి మాత్రం నేను అడ్డం నిలబడ్డాను. అది మా అత్తగారు ఇచ్చిన విత్తనం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గుప్పెడు గింజలు నా చేతిలో పోసి, "నగలు లేవే తల్లీ, ఇవే ఉన్నాయి" అంది. ఆ సొరకాయ లేత మీద కోస్తే వెన్నలా ఉంటుంది. బజారులో ఎంత వెతికినా దొరకదు. అందుకే ఏటా మొదటి కాయని కోయకుండా పందిరి మీదే వదిలేస్తాం. ఎండి గలగలలాడాక గింజలు తీస్తాం. పొరపాటున ఎవరి చెయ్యీ పడకుండా దాని మెడకి ఎర్ర గుడ్డపీలిక కడతాం. ఆ ఏడు ఉన్న గింజలన్నీ అయిపోయాయి. సగం నేను పెట్టాను, సగం పక్కింటి దర్జీకి ఇచ్చాను. ఇద్దరికీ ఒక్కో పాదే బతికింది. ఇంట్లో వేరే గింజ లేదు.

ఆఫీసరు ఆ పీలికని చూశాడు. మొహం దీపంలా వెలిగిపోయింది.

"రిబ్బన్ కూడా కట్టేశారా మామ్మగారూ! ఇంత ముందుచూపు మా డిపార్ట్‌మెంట్‌లోనే లేదు!"

"రిబ్బన్ కాదు బాబూ, కోయొద్దని గుర్తు."

"అదే కదా నేనూ అనేది! మంత్రిగారు వచ్చేదాకా ఎవరూ కోయకూడదు."

మంత్రిగారు వచ్చారు. దారి మీద నడిచారు. బల్ల మీద కూర్చున్నారు. బోర్డు చదివి కళ్లు తుడుచుకున్నారు. "మిగతా కూరగాయలేవయ్యా?" అని ఒక్క మాట అడిగారు. "సెకండ్ ఫేజ్‌లో ఉన్నాయి సార్" అన్నాడు ఆఫీసరు. మంత్రిగారు అంతా తెలిసినవారిలా తలాడించి వెండి కత్తెర అందుకున్నారు.

నేను చేతులు జోడించాను. "అయ్యా, అది విత్తనానికి ఉంచిన కాయ..."

"విన్నారా!" అని ఆయన కెమెరాల వైపు తిరిగారు. "అభివృద్ధికి ఇదే విత్తనమట! పెద్దావిడ ఎంత బాగా చెప్పింది! రాసుకోండి, రాసుకోండి."

మొదట పీలిక కత్తిరించారు. తర్వాత కాయని కత్తిరించారు. ఇంకా నూగు కూడా రాలని పచ్చి కాయ. దాన్ని డిక్కీలో పెట్టించుకుని వెళ్లిపోయారు. ఫొటోలవాళ్లు యాంగిల్ కోసం పాదు మొదట్లోనే నిలబడ్డారేమో, మూడో నాటికి తీగంతా వడలి పందిరి మీద వేలాడింది.

"ఏడవకండి అత్తయ్యా" అంది కోడలు.

"ఏడుపు కాదే, కంట్లో అభివృద్ధి పడింది."

ఆ ఫొటో చూసి మంత్రిగారికి కొత్త ఆలోచన పుట్టింది. ఇకమీదట ప్రతి ఇంటి తోటలోనూ మొదటి కాయకి రిబ్బన్ కట్టాలి, మంత్రిగారే స్వయంగా వచ్చి కోయాలి, అంతవరకూ ఆ తోటలో ఎవరూ ఏదీ కోయరాదు. ఆర్డరు పట్టుకుని ఆఫీసరు నేరుగా దర్జీ పెరట్లోకి వెళ్లాడు. అప్పటికి ఆ పాదుకీ ఒకే ఒక్క కాయ.

"మా ఆవిడ పొద్దున్నుంచీ కత్తిపీట వేసుకుని కూర్చుంది సార్" అన్నాడు దర్జీ.

"కూర్చోమనండి."

ఇంక చూడాలి ఊరి వైభవం! రిబ్బన్లు కట్టుకుని టమాటాలు కుళ్లాయి. దోసకాయలు పసుపుపచ్చగా పగిలాయి. బెండకాయలు కర్రలయ్యాయి. పెరట్లో తోట ఉన్న ప్రతి ఇల్లాలూ సంచి పట్టుకుని బజారుకి పరుగెత్తింది.

ఊరంతా మంత్రిగారు ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తుంటే, నేనొక్కదాన్నే రాకూడదని దేవుడికి మొక్కుకున్నాను. దర్జీ పెరట్లోది నా విత్తనమే కదా! కాయ ఎండేదాకా ఆయన ఆలస్యం చేస్తే చాలు.

"ఈ వారం తప్పకుండా వస్తారట పిన్నిగారూ" అనేవాడు దర్జీ గోడ మీంచి.

"రారు. ఆయన మీద నాకు నమ్మకముంది."

నా నమ్మకం ఆయన వమ్ము చేయలేదు. తోటల మీద అధ్యయనానికి విదేశం వెళ్లారు. వచ్చాక గొంతు పోయింది. గొంతు వచ్చాక పార్టీలో అలకలు వచ్చాయి. అలక తీరేసరికి దర్జీ పాదు ఆకులు రాలాయి, తీగ ఎండింది, కాయ గోధుమరంగుకి తిరిగి రాయిలా గట్టిపడింది. గాలి వేస్తే లోపల గింజలు గలగలమంటుంటే నా ప్రాణం లేచొచ్చేది.

"ఆయన కోసేది కోసుకోనీ, గింజలు మాత్రం మీకే పిన్నిగారూ. ఖాళీ బుర్ర నేను దారపుకండెలు వేసుకోవడానికి ఉంచుకుంటా" అన్నాడు దర్జీ. సరేనంటే సరేననుకున్నాం.

ఆఖరికి మంత్రిగారు రానే వచ్చారు. కత్తెర కాయలోకి దిగలేదు. రిబ్బన్ ఒక్కటే తెగింది. తొడిమ దానంతటదే విరిగి కాయ ఆయన చేతిలో పడింది. తేలిగ్గా ఉందేమిటా అని చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"లోపల ఏంటయ్యా ఈ చప్పుడు?"

ఆఫీసరు కాయని చూశాడు, నన్ను చూశాడు, కెమెరాలని చూశాడు.

"చప్పట్లు సార్."

మంత్రిగారు మళ్లీ ఊపారు. ఆయన మొహం చంటిపిల్లాడిలా విప్పారింది.

"నాకేనా?"

"మీకే సార్."

నేను ముందుకి ఉరికాను. "అయ్యా, అవి గింజలండీ! మా అత్తగారి..."

"మామ్మగారూ, మీకూ వినిపించాయా!" అన్నారాయన తన్మయంగా. కాయని చంకలో పెట్టుకుని కారెక్కారు. కారు వీధి చివర వెనక్కి తిరిగే దాకా ఊపుతూనే ఉన్నారు. దర్జీ దారపుకండె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు ఆయన ఏ సభకి వెళ్లినా దాన్ని వెంట తీసుకెళ్తున్నారట. ఒక మాట చెప్పి మైకు దగ్గర ఊపుతారట, ఇంకో మాట చెప్పి మళ్లీ ఊపుతారట. ఇదివరకు జనాన్ని లారీల్లో తోలించేవారు కదా, ఆ ఖర్చు తగ్గిందని ఆఫీసరుకి ప్రమోషన్ కూడా వచ్చింది.

కాబట్టి నాయనా, ఈ కథ గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి చెప్పండి. మంత్రిగారు మీ వైపు సభకి వస్తే ముందు వరసలోనే కూర్చోండి. అంత గట్టిగా ఊపే మనిషి ఏదో ఒకరోజు చెయ్యి జారి పడేస్తారు. అందరూ ఆయన మొహం చూస్తుంటారు గనక, మీరు కిందికి వంగండి. ఒక్క గింజ దొరికినా కొంగున కట్టుకుని తెచ్చి నాకివ్వండి.