నూట నలభై నాలుగు సూదులు

గురువారం ఉదయం గుక్ యంగ్‌సూన్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. భర్త తక్ బమ్‌షిక్ తొమ్మిదింటికి కొండ ఎక్కడానికి వెళతాడు, రెండింటిదాకా రాడు. ఆలోగా ఆమె బుప్యాంగ్‌లో రైలెక్కి యోంగ్‌సాన్ ఎలక్ట్రానిక్స్ బజారుకి వెళ్ళి, కొత్త మానిటర్ కొని తెచ్చి పాతదాని చోట పెట్టేసి, ఏమీ ఎరగనట్టు ముల్లంగి తరుగుతూ కూర్చుంటుంది. బమ్‌షిక్ రోడ్డు మీద చీమనైనా చూసి బ్రేకు వేసిన బస్సు డ్రైవరే గాని, ఇంట్లో మంచం మారినా గమనించే రకం కాదు.

దాపరికానికి కారణం ఉంది. ఆయన గాలం కర్ర కొన్నప్పుడల్లా, కొత్త గాలమో పాత గాలమో చేపకు తెలుస్తుందా అని ముప్పై ఏళ్ళుగా దెప్పిపొడుస్తూ వచ్చింది. ఇప్పుడు అరవై మూడేళ్ళు వచ్చాక, అదే నోటితో ఆటకు కొత్త మానిటర్ కావాలని అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

బడి వంటశాలలో గరిటె తిప్పి రిటైరైన యంగ్‌సూన్‌ని పేటలో అందరూ సుగ్యంగ్ వాళ్ళమ్మ అనే పిలుస్తారు. సొంత పేరుతో ఎవరికీ పని లేదు. అరవై దాటినవాళ్ళ కోసం సంక్షేమ భవనం వాళ్ళు నడిపే కంప్యూటర్ తుపాకుల ఆటలో మాత్రం ఆమె ‘మెరుపు’. ఆ పేరు తనే పెట్టుకుంది. నలభై ఏళ్ళలో తన కోసం తాను పెట్టుకున్నది అదొక్కటే. చిక్కల్లా ఏమిటంటే, ప్రతి ఆటలోనూ అందరికంటే ముందు చచ్చేది మెరుపే. శనివారం పోటీ ఉంది, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆడాలి. ఇలాగే ఉంటే ఇంకొకరిని తీసుకోక తప్పదని జట్టు నాయకురాలు బే చున్‌రే మొన్ననే తేల్చి చెప్పింది. తప్పు తనది కాదు, పాత తెరదని యంగ్‌సూన్ గట్టి నమ్మకం.

తెర మీద బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కను ఇక్కడి భాషలో జుసాయుల్ అంటారు. యంగ్‌సూన్ దాన్ని పొట్టిగా జుసా అనేస్తుంది, కాని ఒట్టి జుసా అంటే సూదిమందు. దుకాణాలవాళ్ళకు ఈ తేడా తెలుసు. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుని ఎడమ చెవి పోగొట్టుకున్న బమ్‌షిక్‌కి తెలియదు. మోకాలి పట్టీ మరిచిపోయి వెనక్కి వచ్చిన ఆయన, గది తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు.

“ఇప్పుడు అరవైతో నెట్టుకొస్తున్నానండీ, కళ్ళు లాగేస్తున్నాయి” అంటోంది లోపల యంగ్‌సూన్ దుకాణదారుతో ఫోనులో. “జుసా నూట నలభై నాలుగుకి తక్కువైతే లాభం లేదంటున్నారు. శనివారం లోపల పడకపోతే నా పని అయిపోయినట్టే. మా ఆయనకు మాత్రం తెలియకూడదు.”

ఫోను పెట్టేసి బయటికి వస్తే ఎదురుగా భర్త. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొరికిపోయాననుకుంది యంగ్‌సూన్.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు.

“మూడు నెలలు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నవ్వుతారని.”

“నవ్వుతానా!” అన్నాడాయన. “పోనీ, తగ్గే దారేమైనా ఉందా?”

“ఏం తగ్గుతుంది? ఒకసారి పట్టుకుంటే వదలదట.”

బమ్‌షిక్ ఇవాళ నువ్వు చెంచా కూడా కడగొద్దని చెప్పి, బల్ల మీదున్న చీటీ జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. అందులో ఆమె రాసుకున్నది ఇంతే: ఇరవై ఏడు అంగుళాలు, జుసా 144. చీటీ లేకుండా దుకాణానికి వెళితే ఏం అంటగడతారోనన్న భయంతో యంగ్‌సూన్ ఇల్లంతా వెతుకుతుండగా తలుపు చప్పుడైంది.

ఎదురింటి జున్‌సంగ్ వాళ్ళమ్మ నత్తగుల్లల గంజి గిన్నెతో నిలబడి ఉంది. లిఫ్టులో మీ ఆయన అంతా చెప్పాడంది. ఈ వయసులో మామూలేనని, తన వదినకూ వచ్చిందని, ఆవిడ కడదాకా నవ్వుతూనే ఉందని ధైర్యం చెప్పింది. ఈ ఆట అంతమందికి అంటుకుందా అని యంగ్‌సూన్ ఆశ్చర్యపోయింది. ఇంతలో ఇంకో ఇద్దరు వచ్చారు, ఒకరు గుమ్మడి గంజితో, ఒకరు ఎర్ర జిన్‌సెంగ్ డబ్బాతో. పదకొండున్నరకు గోడలోని స్పీకరు గొంతు సవరించుకుంది. ప్రతి ఇంట్లోనూ వినపడే అపార్ట్‌మెంట్ ఆఫీసు ప్రకటన అది.

“నూట మూడో బ్లాకు నివాసులకు మనవి. ఏడు వందల రెండో ఇంటి అమ్మగారు నూట నలభై నాలుగు సూదుల చికిత్సలో ఉన్నారు. పై అంతస్తువారు దయచేసి అడుగుల చప్పుడు చెయ్యకండి, గోడలకు మేకులు కొట్టకండి.”

ఏడు వందల రెండు తన ఇల్లే. చేతిలోని చెంచా గంజిలో పడింది. ఆమె నోరు తెరిచేలోపే, లిఫ్టు కబురు ముందే అందిన నూట ఐదో బ్లాకు చున్‌రే ఏడుస్తూ లోపలికి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“మెరుపూ, ఈ స్థితిలో ఉన్న నిన్ను తీసేస్తానన్నానే, నా నోరు పడిపోను. నువ్వింక ఆట ఊసే పెట్టుకోకు. నీ బదులు మా తోడికోడలి పేరు రాయించేశాను. నువ్వు బతికి బట్టకడితే మాకదే పదివేలు.”

ఊరుకుంటే గంజి దక్కుతుంది, మెరుపు పోతుంది.

“నాకు రోగం లేదక్కా. ఆ జుసా నాకు కాదు, మానిటర్‌కి.”

జున్‌సంగ్ వాళ్ళమ్మ తన గిన్నె వంక చూసి, మానిటర్‌కా నేను తెల్లారకుండా లేచి తెచ్చిన నత్తగుల్లలు పోశాను అన్నట్టు పెదవి విరిచింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక యంగ్‌సూన్ ముల్లంగి వైపు తిరిగింది. అప్పుడే గుమ్మంలోకి తనకంటే వెడల్పాటి అట్టపెట్టెతో, చెమటలు కక్కుతూ బమ్‌షిక్ వచ్చాడు.

జరిగింది ఆయనే చెప్పాడు. చీటీ పట్టుకుని మందుల షాపుకి వెళితే, ఇరవై ఏడు అంగుళాల సూది ఇంకా ఎవరూ తయారుచెయ్యలేదని చెప్పి అక్కడి అమ్మాయి కుర్చీలో కూలబడి నవ్విందట. ఆ తరవాత ఇది మందు కాదని విడమరిచి చెప్పి, యోంగ్‌సాన్ వెళ్ళమని దారి చూపిందట.

“చీటీలో నూట నలభై నాలుగు రాశావు. ఆ పిల్ల రెండు వందల నలభై తీసుకోమంది. అదే తెచ్చాను.”

“కోపం రాలేదా?” అంది యంగ్‌సూన్ మెల్లగా.

“పొద్దున నువ్వు నాకు దక్కవనుకున్నాను. గంట తిరిగేసరికి నీకు మానిటర్ కావాలని తెలిసింది. ఇంక కోపం ఎక్కణ్ణుంచి తెచ్చుకోను?”

యంగ్‌సూన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై ఏళ్ళపాటు గాలాల మీద తాను అన్న మాటల్లో ఒక్కటైనా ఆయన తిప్పికొట్టలేదు. తన కోసం ఇంతమంది పొయ్యి వెలిగించారన్న సంగతి, రోగం లేకపోయినా, ఆమెకు నిజంగానే ఒంట్లో సత్తువ పోసినట్టుంది. ఒక్కొక్కరికీ నడుం వంచి కృతజ్ఞత చెప్పుకుంది. చున్‌రే ముక్కు తుడుచుకుని సంక్షేమ భవనానికి ఫోను చేసి, మెరుపు బతికే ఉందని, పేరు మళ్ళీ రాసుకోమని దబాయించింది. ఆడవాళ్ళంతా కలిసి తీగలు తగిలించి, గంజి పంచుకుని తాగి వెళ్ళారు.

శనివారం ఆట మొదలై నలభై సెకన్లు కాకముందే మెరుపు చచ్చింది. అయితే పాత తెర మీద ఎన్నడూ మసకే గాని మనిషి తెలిసేది కాదు. ఈసారి వెనకనుంచి కాల్చినదెవరో అద్దంలో చూసినంత స్పష్టంగా కనిపించింది. చున్‌రే అక్క. శత్రువనుకుని, ఎంతో శ్రద్ధగా, గురిచూసి కాల్చింది.

తన కోసం అంత ఏడ్చిన మనిషిని ఏమనగలదు? యంగ్‌సూన్ భర్త వైపు చూసింది, ఆయన తెర వైపు చూశాడు.

సోమవారం పొద్దున్నే ఇద్దరూ యోంగ్‌సాన్ రైలెక్కారు, చున్‌రే అక్కకి ఒక మానిటర్ చూడడానికి.