హోరు ఆగిన పూట

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది ముగ్గురు. కెజియా, ఆమె నాయనమ్మ రెబెక్కమ్మ, మంచం కింద గంపలో గుడ్ల మీద కూర్చున్న కోడి. తల్లి ఏంజెలిన్ చీకటితోనే రొయ్యలు ఒలిచే షెడ్డుకు కంపెనీ బస్సులో వెళ్లిపోయింది. తండ్రి ఆనందబాబు ఆటో తీసుకుని మైపాడు వైపు వెళ్లాడు. ఇంట్లో మనుషులు తగ్గేకొద్దీ కెజియాకు ధైర్యం పెరిగింది. తన పాట రికార్డు చేసుకోవడానికి ఆమె ఏరికోరి పెట్టుకున్న రోజు అది.

ఆ ముగ్గురిలో కోడిని ఆమె లెక్కపెట్టలేదు. మొదటి పొరపాటు అదే.

కెజియా పాటలు పాడి బతుకుతుంది. అల్లూరు చుట్టుపక్కల పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, చర్చి కూటాల్లో పాడుతుంది. పెళ్లిలో పాడేవాళ్ల పేరు ఎవరూ అడగరు. "ఆ పాట వస్తుందా?" అని అడుగుతారు. వస్తుందంటే పాడమంటారు, రాదంటే అన్నానికి వెళ్లమంటారు. ఆమె సొంతంగా కట్టిన పాటలు మాత్రం ఇంటి మిద్దె మీద ఆరేసిన బట్టలకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

నెల్లూరులో బెన్హర్ అనే గిటారు వాయించే అబ్బాయి ఉన్నాడు. తనలాగే సొంత పాటలు కట్టుకునేవాళ్లను పోగుచేసి, ఎనిమిది పాటలతో ఒక ఆల్బమ్ తయారుచేస్తున్నాడు. కెజియా భయపడుతూ భయపడుతూ ఒక పల్లవి ఫోనులో పాడి పంపింది. వెంటనే జవాబొచ్చింది. "నీ పాట తీసుకుంటున్నాం. పూర్తిగా పాడి పంపించు. అన్నట్టు, వెనక ఆ హోరు ఏంటి?"

ఆ చివరి ప్రశ్న చదవగానే కెజియాకు తల కొట్టేసినట్టయింది. ఆ హోరు పక్కనున్న రొయ్యల గుంటది. గుంటలో రొయ్యలకు గాలి అందాలని, నీళ్లను చిలికే చక్రాలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. వాటిని ఏరియేటర్లు అంటారు. అంత మోత మధ్య పాడి పంపినందుకు ఆమె సిగ్గుపడి, అదేమిటో చెప్పకుండా, "క్షమించన్నా, ఈసారి ఏ చప్పుడూ లేకుండా పంపిస్తాను" అని రాసింది. బెన్హర్ బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు.

ఆల్బమ్ మీద పాట పక్కన పాడినవాళ్ల పేరు వేస్తారట. తన పేరు అచ్చులో ఎలా ఉంటుందో కెజియా అప్పటికే చాలాసార్లు ఊహించుకుంది.

గుంట కావలి చూసేది హజరత్తయ్య. యజమాని నరేంద్రబాబు గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేస్తూ అక్కడే ఉంటాడు. ముందురోజు సాయంత్రం కెజియా హజరత్తయ్య గది ముందుకు వెళ్లి, చక్రాలు తిప్పే మోటార్లు కాసేపు ఆపమని అడగలేక అడగలేక అడిగింది.

"అన్ని మోటార్లా!" అన్నాడు హజరత్తయ్య. "మేత వేసేటప్పుడు కూడా రెండే ఆపుతా పాపా, అన్నీ ఆపింది ఏనాడూ లేదు."

"ఒక్క పాట పాడేంతసేపే మామా."

"మా కూతురు సుప్రియ పెళ్లిలో నువ్వు గొంతు పోయేదాకా పాడినావు. నీకు లేదనలేను. ఒక్క పాటకి రొయ్యకేం కాదులే. గానీ ఎవురికీ చెప్పబాక. నరేంద్రబాబుకి తెలిస్తే నా పని పోద్ది."

ఒప్పందం కుదిరింది. రెబెక్కమ్మ ప్రహరీ దగ్గర నిలబడి తువ్వాలు ఊపితే మోటార్లు ఆపాలి. మళ్లీ ఊపితే వెయ్యాలి.

కెజియా లోపలి గదిలో కిటికీకి పరుపు ఆనించింది, తలుపుకు బొంతలు వేలాడదీసింది. ఫ్యాను ఆపింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని దుప్పటి ముసుగేసుకుంది. నాయనమ్మకు మాత్రం గట్టిగా చెప్పింది. "అవ్వా, ఎవురొచ్చినా మాట్లాడబాక. వాళ్లనీ మాట్లాడనియ్యబాక."

"నా నోట్లోంచి గాలి కూడా రాదు, పోమ్మా" అంది రెబెక్కమ్మ. ఆమె చర్చిలో పసిపిల్లలను ఏళ్ల తరబడి ఊరుకోబెట్టిన మనిషి.

తువ్వాలు ఊపింది. మోటార్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

కెజియా ఒక సంగతి మరిచిపోయింది. ఆ ఊరి జనం ఏరియేటర్ల హోరులో హాయిగా నిద్రపోతారు. హోరు ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. చక్రాలు ఆగాయంటే కరెంటు పోయిందని, జనరేటరు పాడయిందని, లేదా గుంటకు ఏదో మూడిందని అర్థం. అక్కడ నిశ్శబ్దం కంటే పెద్ద కేక లేదు.

ఆ మాట గుర్తుకురాని కెజియా కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది.

"అమ్మ చేతుల్లో ఐసు గడ్డలు, అమ్మ కళ్లల్లో నిద్దర..."

పాట రెండో చరణంలోకి వచ్చేసరికి మంచం కింద కోడి గుడ్డును ముక్కుతో తిప్పుకుని, సంతృప్తిగా ఒకసారి కొక్కొక్ అంది. అంత నిశ్శబ్దంలో అది రెండో గాయనిలా వినిపించింది. కెజియా ఆపి, గంపను వంటింట్లో పెట్టి, బయట నిలబడ్డ నాయనమ్మకు "ఇంకోసారి" అని సైగ చేసి మళ్లీ ముసుగులోకి వెళ్లింది. రెబెక్కమ్మ తువ్వాలును కదలకుండా పట్టుకుంది.

అప్పుడే పక్కింటి వెంకటశేషమ్మ చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏందత్తా, మోటార్లు ఆగినాయి? ఏమయ్యిందో!"

రెబెక్కమ్మ నోటిమీద వేలు పెట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. తర్వాత గంభీరంగా గుంటవైపు చేయి చూపించింది. ఆమె ఉద్దేశం, అడగాల్సింది హజరత్తయ్యను, నన్ను కాదు అని. వెంకటశేషమ్మ గుండెల మీద చేయి వేసుకుని వెనక్కి తిరిగింది. రెబెక్కమ్మ ఒక్క మాటా అనలేదు. అయినా గుంటకు ఏదో మూడిందన్న మాట కాసేపట్లోనే వీధి దాటింది.

గుంట కట్ట మీదికి మొదట చేరింది రొయ్యలు కొనే దళారి పెంచలయ్య. మోటారు సైకిలు స్టాండు కూడా వేయకుండా దిగాడు.

"ఏమయా హజరత్తయ్యా, కరెంటు లేదా?"

"ఉండాది."

"జనరేటరు చెడిందా?"

"బాగుండాది."

"మరి మోటార్లన్నీ ఎందుకాపినావయా? పాట పాడుకుందామనా?"

హజరత్తయ్యకు అబద్ధాలు చెప్పే అలవాటు లేదు. అలవాటున్నవాడైతే చిన్నది చెప్పి ఉండేవాడు. "రొయ్య రవంత మందంగా ఉన్నట్టు అనిపించింది. కదలిక చూద్దామని ఆపినా" అన్నాడు.

పెంచలయ్య మేత చూసే ట్రే తాడు పట్టి పైకి లాగాడు. ట్రేలో రొయ్యలు ఆరోగ్యంగా ఎగిరెగిరి పడ్డాయి. ఒకటి అతని చొక్కా జేబుకు తగిలింది.

"చూడు, ఎట్టా ఎగర్తా ఉండాయో! ఊపిరాడక!"

"ఊపిరాడకేందిలే, రొయ్యంటే ఎగరదా?"

"మందంగా ఉండాదని నువ్వే అన్నావు కదయా!"

హజరత్తయ్య ప్రహరీవైపు చూశాడు. రెబెక్కమ్మ తువ్వాలు ఊపలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది. ఆయన మోటార్లు వేయలేదు. అది చూసి పెంచలయ్యకు అనుమానం ఏమీ మిగల్లేదు. వెంటనే గూడూరుకు ఫోను చేశాడు.

"నరేంద్రన్నా, నీ గుంటలో రొయ్య బాగలేదు. నేను అనడంలేదు, మీ హజరత్తయ్యే అన్నాడు. మోటార్లేసే ఆశ కూడా వదులుకుని నిలబడుండాడు."

నిమ్మకాయల మార్కెట్టు గోలలోంచి నరేంద్రబాబు గొంతు కట్టంతా వినిపించింది. "రొయ్య చావకముందే పట్టి అమ్మెయ్యండి! ఊరికి తెలియకముందే పట్టెయ్యండి!"

అప్పటికి ఊరు కట్ట మీదే ఉంది.

లోపల కెజియా తడబడ్డ ప్రతిసారీ మొదటి నుంచి ఎత్తుకుని, ఎన్నోసారో పాడుతోంది. ఈసారి కోడి లేదు, ఫ్యాను లేదు, హోరు లేదు. తన ఊపిరి తనకే వినిపించేంత నిశ్శబ్దం. ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఆమె అలాంటి నిశ్శబ్దం వినలేదు. తల్లి షెడ్డు నుంచి వచ్చాక చల్లబడిన ఆమె వేళ్లను తన చేతుల్లో పెట్టుకుని వేడి చేయడమే ఆ పాట. చివరి మాట దగ్గర ఆమె గొంతు కొంచెం వణికింది. వణుకు అక్కడ ఉండాల్సిందే అనిపించి అలాగే ఉంచింది.

ముసుగు తీసి బయటికొచ్చి నాయనమ్మకు తల ఊపింది. రెబెక్కమ్మ తువ్వాలు ఊపింది. చూసేవాళ్లు ఎవరూ లేరు. హజరత్తయ్య మొలలోతు నీళ్లలో వల పట్టుకుని ఉన్నాడు.

కెజియా కట్ట దగ్గరికి పరుగెత్తింది. ఐసు బండి వచ్చి నిలబడి ఉంది. ఇంకా ఎదగాల్సిన రొయ్య బుట్టలకు బుట్టలు పైకి వస్తోంది. ఆమె నీళ్ల అంచుకు దిగి గొంతు తగ్గించింది.

"మామా, నేను చెప్పేస్తాను. నావల్లే అని చెప్పేస్తాను."

"గమ్మునుండు పాపా" అన్నాడు హజరత్తయ్య తల ఎత్తకుండా. "ఇప్పుడు నువ్వు చెప్తే రొయ్య మళ్లీ గుంటలోకి పోద్దా? నా పని మాత్రం పోద్ది."

ఒక గుంట పట్టారంటే పక్క గుంటవాడికి నిద్ర పట్టదు. రోగం నీళ్లలో వస్తుందన్నారు కొందరు, కొంగల కాళ్లకు అంటుకుని వస్తుందన్నారు కొందరు. సాయంత్రానికి పక్క గుంట పట్టారు. మర్నాటికి దాని పక్కది. అల్లూరు రోడ్డు పొడుగునా వలలు దిగాయి. ఆనందబాబు ఆటో మనుషులను మానేసి ఐసు మోసింది.

"పాట అయిందామ్మా?" అని అడిగాడు ఆయన మధ్యలో మంచినీళ్లకు వచ్చి.

"అయింది నాయనా."

"పక్క గుంట పోయినా నీకొక మేలు జరిగిందిలే. ఇంక నువ్వు ఏ వేళ పాడుకున్నా అడ్డం లేదు."

కెజియా మిద్దె ఎక్కి, సిగ్నలు దొరికే మూలన నిలబడి పాట పంపేసింది.

షెడ్డుకు రొయ్య వరదలా రావడంతో ఏంజెలిన్ ఆ సాయంత్రం రాలేదు, మర్నాడు పొద్దున వచ్చింది. వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. కెజియా వాటిని తన చేతుల్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఎక్కడి రొయ్యోనమ్మా, అంతా పసి రొయ్య" అంది ఏంజెలిన్ కళ్లు మూసుకుని. "ఏ పాపాత్ముడు పట్టించినాడో."

కెజియా చేతులు వదల్లేదు.

మూడో రోజు బెన్హర్ ఫోను చేశాడు.

"కెజియా, పాట విన్నాం. గొంతు చాలా బాగుంది. కానీ ఆ హోరు ఏదీ?"

"ఏ హోరన్నా?"

"నువ్వు మొదట పంపిన పల్లవిలో వెనక ఉండేదే, నీళ్లు చిలికినట్టు! అసలు నీ పాట తీసుకుందే దాని కోసం. అది ఏ వాయిద్యమా అని మేమంతా వాదులాడుకున్నాం. అందుకే కదా ఏంటని అడిగింది?"

కెజియా మిద్దె మీది నుంచి చుట్టూ చూసింది. గుంటల్లో బురద ఎండుతోంది. ఏరియేటర్లను విప్పి కట్ట మీద బోర్లా పెట్టారు. సముద్రం దాకా ఎక్కడా చప్పుడు లేదు.

"పాత దాన్నే కలుపుకోకూడదా అన్నా?" అంది సన్నగా.

"అందులో పల్లవి ఒక్కటేగా ఉంది, అదీ నీ గొంతుతో కలిసిపోయింది. హోరు విడిగా రికార్డు చేసి సాయంత్రంలోగా పంపు. లేకపోతే ఈ ఆల్బమ్‌లో నీ పేరు ఉండదు. ఏమీ అనుకోవద్దు."

ఆమె మిద్దె దిగింది. ఆనందబాబు ఆటోలో అల్లూరు దాకా వెళ్లి వచ్చింది. దారిలో తిరుగుతున్న చక్రం ఒక్కటి కూడా కనిపించలేదు. ఇక మిగిలింది హజరత్తయ్య ఒక్కడే. ఆయన ఒప్పుకుంటే ఒక్క క్షణం కూడా వృథా కాకూడదని ఫోనులో రికార్డింగు ముందే నొక్కి, కట్ట మీది గది తలుపు తట్టింది.

హజరత్తయ్య తలుపు తీశాడు. పని పోలేదు గానీ, ఆ మూడు రోజుల్లో ఆయన మొహంలో కళ పోయింది.

"ఏంది పాపా?"

"మామా... ఒక్క ఏరియేటరు..."

"ఆపేదానికి ఇంకేం మిగల్లేదమ్మా."

"ఆపొద్దు మామా. వెయ్యాలి. కొంచెంసేపు. ఆ మూల గుంతలో రవన్ని నీళ్లు ఉండాయి కదా, దాంట్లో పెట్టి..."

హజరత్తయ్య ఆమెను చూశాడు. బురద గుంటను చూశాడు. బోర్లా పడుకున్న చక్రాలను చూశాడు. తలుపు దబ్బున వేసేశాడు.

ఆ చప్పుడు మాత్రం వెనక ఏ హోరూ లేకుండా చాలా చక్కగా రికార్డయింది.