ఎర్ర కారుకి ఊపిరాడలేదు

కళ్లజోళ్ల దుకాణం ఆయన ఆ ఆదివారం లేవడమే కోపంతో లేచాడు. ముందురోజు ఫ్లైఓవర్ మీద బావమరిది ఆయన్ని మళ్లీ దాటిపోయాడు. దాటితే దాటాడు, అద్దం దించి చెయ్యి కూడా ఊపాడు. ఇద్దరివీ ఒకే రకం ఎర్ర టర్బో హ్యాచ్‌బ్యాక్ కార్లు, ఒకేసారి కొన్నవి. వాడిది గర్జిస్తూ పోతుంది, ఈయనది నత్తతో పందెం వేస్తుంది. "స్టేజ్ త్రీ ట్యూనింగ్ చేయించా బావా" అని వాడు మీసం మెలేస్తున్నాడు.

అందుకని ఈయన దుకాణంలో బేరాలు గాలికొదిలేసి వీడియోలు చూశాడు. స్టేజ్ వన్ అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చడం. స్టేజ్ టూ అంటే పొగ గొట్టం కూడా మార్చడం. ఏది మేలో తేలక, ఆ ఉదయం బాల్కనీలోకి పోయి మెకానిక్‌కి ఫోన్ చేశాడు. భార్య వినకూడదని గొంతు తగ్గించాడు. కోపంలో ఆయన గొంతు తగ్గించినా రెండు గదులు దాటుతుంది.

"ఊపిరి ఆడటం లేదండీ. ఎత్తు ఎక్కాలంటే ఆయాసం. స్టేజ్ వన్ చాలంటారా, టూకి పోవాలా? పైపు తీసేసి పెద్దది వేస్తారా? తట్టుకుంటుందా మరి? సరే, ఇవాళే చేసేయండి. ఇంట్లో తెలియకూడదు."

వంటింట్లో భార్య అది విని, ఆయనకే ఏదో పెద్ద జబ్బనుకుంది. తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. తల్లి కొడుక్కి చెప్పింది. చెవులు మారేసరికి స్టేజ్ టూ కాస్తా ఆఖరి స్టేజ్ అయింది.

ఆయన స్నానం ముగించి, తాళం చెవి తీసుకుని హాల్లోకి వచ్చేసరికి అత్తగారు సోఫాలో కళ్లొత్తుకుంటోంది. పక్కన బావమరిది తల వంచుకుని నిలబడ్డాడు. భార్య గుమ్మానికి అడ్డంగా ఉంది. ట్యూనింగ్ సంగతి తెలిసి ఆపడానికి దండెత్తి వచ్చారనుకున్నాడాయన. అరికాలి మంట నెత్తికెక్కింది.

"తెలిస్తే తెలిసింది. నేను చేయించి తీరతాను."

"ఎవరు వద్దన్నారు?" భార్య ముక్కు చీదింది. "నాకో మాట చెప్పకూడదా?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"నగలమ్మి అయినా చేయించేదాన్ని."

అది వెటకారమనుకుని ఆయన పళ్లు నూరాడు.

"ఏ స్టేజ్ బాబూ?" అత్తగారు మెల్లగా అడిగింది.

"ప్రస్తుతానికి వన్. మీ అబ్బాయిదైతే త్రీ అట. వాణ్నే అడగండి."

అత్తగారు గుండె పట్టుకుని కొడుకు వైపు తిరిగింది. "నీకూనా నాయనా?"

బావమరిదికి అప్పుడు వెలిగింది. "నాకు కాదమ్మా, కారుకి. కారుకీ ఏమీ చేయించలేదు. సైలెన్సర్‌కి చిల్లు పడింది. ఆ చప్పుడు విని ట్యూనింగా అని బావ అడిగితే, అవునన్నాను."

భార్య కన్నీళ్లు ఉన్నచోటే ఇంకిపోయాయి. "ఏమండీ, ఊపిరాడనిది ఎవరికి?"

"కారుకి," అని గొణిగి, ఆ మంటంతా ఆయన బావమరిది మీదికి తిప్పాడు. "మరి నన్నెలా దాటుతున్నావురా?"

"నువ్వు ఎకో బటన్ నొక్కి నడుపుతావు బావా. ఊపు తగ్గినా పెట్రోలు ఆదా అవుతుందని షోరూం వాళ్లు నొక్కి ఇచ్చారు. కొన్న నాటి నుంచీ నీ కారులో ఆ పచ్చ లైటు వెలుగుతూనే ఉంది."

"అది కారు బాగుందని చెప్పే లైటు కాదూ?"

బావమరిది నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు.

"తెలిసీ ఇన్నాళ్లు నోరు మూసుకున్నావా?" అంటూ ఆయన చెయ్యెత్తి ముందుకు దూకాడు. మధ్యలో భార్య నిలబడి అరచెయ్యి చాపింది.

"ముందు తాళం ఇలా ఇవ్వండి. పొద్దుట్నుంచి మీకోసం చచ్చి బతికాను. ఇంకో మాట మాట్లాడితే మీకు నిజంగానే ఊపిరాడదు."

ఆయన ఇచ్చాడు. ఆమె తల్లిని ఎక్కించుకుని, పచ్చ లైటు ఆర్పి, వీధి మలుపు దాటేసింది. అత్తగారి కేక మాత్రం కాసేపు వెనకే వినిపించింది.

ఆ రోజు నుంచీ కారు ఆవిడే నడుపుతోంది. బాగానే లాగుతోందట.