జీవితానికి ఏడుకి ఎన్ని మార్కులు?

ఆ రోజు పొద్దున్న కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మనుషులకు తమ బతుక్కి ఒక అర్థం ఉన్నట్టు ఎంతవరకు అనిపిస్తుందో కొలవడం ఆమె పరిశోధన. దానికొక ప్రశ్నాపత్రం ఉంది. ‘నా జీవితానికి అర్థం ఉంది’, ‘రేపటి కోసం ఎదురుచూస్తాను’ లాంటి వాక్యాలకు ఎవరికి వారే ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేసుకోవాలి. పేరు రాయనక్కర్లేదు. చిక్కల్లా నింపేవాళ్లు దొరక్కపోవడమే. బస్టాపులో నిలబడి “మీ జీవితానికి అర్థం ఉందా అండీ?” అని అడిగితే, ఇన్సూరెన్సు మనిషి అనుకుని జనం తమది కాని బస్సు కూడా ఎక్కేస్తున్నారు.

“మన క్లినిక్కులో పెట్టు. వచ్చి కూర్చున్నవాళ్లు ఎక్కడికీ పోలేరు,” అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆయన పళ్ల డాక్టరు. రోజంతా ఊళ్లోవాళ్ల నోళ్లలో చేతులు పెడతాడు గానీ, తను మాత్రం నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి.

క్లినిక్కు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు పిలిచేది అత్తగారు. కాగితాల కట్ట ఆవిడే అందుకుంది. “పంచడమేగా? నేను చూసుకుంటా. నువ్వెళ్లి చదువుకో.”

“వాళ్లకి సలహాలేమీ ఇవ్వకూడదు అత్తయ్యా.”

“నేనెందుకిస్తాను?” అంది అత్తగారు, పుట్టినప్పటి నుంచి ఎవరికీ ఒక్క సలహా ఇవ్వని మనిషిలా.

వారం తిరిగేసరికి కాగితాలన్నీ నిండిపోయాయి. కోడలు లెక్క వేసి తెల్లబోయింది. సగం మంది ఒకట్లు, రెళ్లు వేశారు. మిగతా సగం ఆరులు, ఏడులు. మధ్యలో నాలుగు వేసిన మనిషి మచ్చుకైనా లేడు. ఎక్కడో ఏదో తేడా ఉందనుకుంటూనే వాటిని ప్రొఫెసరు గారి దగ్గరకు పట్టుకెళ్లింది. ప్రశ్నాపత్రం ఆయన సొంత సృష్టి. జీవితంలో పెద్ద భాగం దాని మీదే ధారపోశారు. ఆలోచనలో పడ్డప్పుడు ఎడమ చెంప మీద చెయ్యి వేసుకోవడం ఈమధ్యే ఆయనకు అలవాటైంది.

“ఏమ్మా, చూశావా? మధ్యలో మనిషే లేడు! ఈ ఊరు రెండుగా చీలిపోయింది!” అన్నారు చెంప పట్టుకుని.

“ఇంకోసారి సరిచూసుకుంటాను సార్...”

“చూడటానికి నేనున్నానుగా. శనివారం సభ పెడుతున్నాను. అక్కడ గట్టెక్కావంటే నీ డిగ్రీకి ఢోకా లేదు.”

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన పొంగిపోయి పేపరువాళ్లకు చెప్పారు. ‘సగం ఊరికి బతుకు మీద విరక్తి’ అని మర్నాడు మొదటి పేజీలో పడింది. ఇక చిలికి చిలికి గాలివాన అయింది. నవ్వుల క్లబ్బువాళ్లు తెల్లవారకముందే కిటికీల కింద చేరి నవ్వడం మొదలుపెట్టారు. ఈల వేసుకుంటూ మొక్కలకు నీళ్లు పోసే పక్కింటాయన పైపు కింద పడేసి, “ఇంతకీ నేను ఏ సగం?” అని భార్యను అడగసాగాడు. గుంతలు పూడ్చమని జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్న వీధిలో మున్సిపాలిటీవాళ్లు ‘జీవితం అమూల్యం’ అని బోర్డు పాతారు. దానికోసం ఇంకో గుంత తవ్వారు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అత్తగారు పేపరు చూసి నిట్టూర్చింది. “పాపం, ఎవరమ్మా వీళ్లంతా?”

“మన క్లినిక్కుకి వచ్చినవాళ్లే అత్తయ్యా.”

“మనవాళ్లకేం రోగం? నవ్వుకుంటూ వెళ్తారుగా!”

“సగం మందికి విరక్తని మీరిచ్చిన కాగితాలే చెప్పాయి.”

“ఏ సగం? లోపలికెళ్లే ముందు రాసినవాళ్లా, బయటికొచ్చాక రాసినవాళ్లా?”

కోడలి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“పన్ను నొప్పితో మూలిగేవాడి చేతిలో పెన్ను పెడితే ఏం రాస్తాడే తల్లీ? ఒకడైతే ఆ పెన్ను నా మీదకే విసిరాడు. పాపమనిపించి, మిగతా కాగితాలు పన్ను పీకించుకున్నవాళ్లకి ఇచ్చాను. వాళ్లు ముత్యాల్లా నింపారు. ఒకాయన ఎనిమిది లేదా అని కూడా అడిగాడు.”

“అంటే నువ్వు కొలిచింది జీవితాన్ని కాదు, నా పనిని,” అన్నాడు భర్త. ఆ మాటలో కాస్త సంతోషం కూడా ఉంది. కోడలు కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి దాన్ని వెంటనే మింగేశాడు.

“నా డిగ్రీ పోయినట్టేనండీ. అది పోతే పోయింది, రేపు అందరి ముందు ఆయన పరువేం కావాలి?”

“సభకి ముందే వెళ్లి చెప్పేద్దాం. నేనూ వస్తాను,” అన్నాడు భర్త. కొండంత ధైర్యం రాలేదు గానీ, ఆ రాత్రి నిద్ర పట్టడానికి సరిపడా వచ్చింది.

తెల్లవారి వాళ్లు బయల్దేరే అవసరమే రాలేదు. క్లినిక్కు తలుపు తీసేసరికి మెట్ల మీద ప్రొఫెసరు గారు కూర్చుని ఉన్నారు. చెంపకు రుమాలు కట్టుకున్నారు. కళ్లు ఎర్రబడ్డాయి.

“సార్, ఒక ముఖ్యమైన సంగతి...” అంది కోడలు.

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. తర్వాత చెప్పమని అర్థం.

అత్తగారు అలవాటు కొద్దీ ఆయన ముందు ఒక కాగితం పెట్టింది. అది తాను తయారుచేసిందేనని కూడా ఆయన గమనించలేదు. పైనుంచి కింద దాకా బరబరా ఒకట్లు వేసుకుంటూ పోయారు. ‘రేపటి కోసం ఎదురుచూస్తాను’ అన్నచోట కాగితం చిరిగింది.

కాసేపటికి పన్ను పీకించుకుని, నోట్లో దూదితో బయటికొచ్చి, ఫ్యాను కింద కూర్చుని కళ్లు మూసుకున్నారు. ప్రాణం లేచొచ్చినట్టుంది. అత్తగారు ఇంకో కాగితం ఇచ్చింది. ఈసారి అన్నీ ఏడులే. అంచున చిన్న పువ్వు కూడా గీశారు.

కోడలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. “తప్పు నాదే సార్. ఎవరిని ఎప్పుడడిగారో నేను చూసుకోలేదు.”

ఆయన చిరిగిన కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. భర్త చేతులు కడుక్కుంటూ కుళాయి కట్టేసి నిలబడ్డాడు. అప్పుడు ప్రొఫెసరు గారు నవ్వారు. మత్తు వల్ల సగం మూతే నవ్వింది. దూది ఒళ్లో పడింది.

“ఇన్నేళ్లూ అందర్నీ నేనే అడిగానమ్మా,” అన్నారు అత్తగారి వైపు తిరిగి. “నన్నడిగింది మీరొక్కరే.”

సభ ఆగలేదు. ఆయన వంకర మూతితోనే మాట్లాడి, తన రెండు కాగితాలనూ తెర మీద అందరికీ చూపించారు. కోడలి పరిశోధన కొత్త దారి పట్టింది. డిగ్రీ ఆలస్యంగా వచ్చినా బంగారంలా వచ్చింది. నవ్వుల క్లబ్బు వెళ్లిపోయాక పక్కింటాయన మళ్లీ ఈల అందుకున్నాడు.

ఇప్పుడు ఆ ప్రశ్నాపత్రంలో అన్నిటికన్నా పైన అత్తగారు చెప్పిన ప్రశ్న ఉంటుంది: ‘ప్రస్తుతం మీకు ఎక్కడైనా నొప్పిగా ఉందా?’ లేదన్నవాళ్లను మాత్రమే జీవితం గురించి అడగాలని నియమం. అలాంటివాళ్ల కోసం ఇంకా వెతుకుతున్నారు.