ముఖ్య అతిథి గారి పరిచయ కార్యక్రమం

కోవూరు వయోవృద్ధుల వర్తమాన వ్యవహారాల ఆన్‌లైన్ వేదిక వారి ఆదివారం ప్రసంగ కార్యక్రమం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ప్రసంగం ఒక్కటే జరగలేదు. మిగతావన్నీ జరిగాయి.

పెద్ద వయసువాళ్లకు లోకంలో ఏం జరుగుతున్నదో సెల్‌ఫోన్‌లోనే తెలియజెప్పాలన్నది వేదిక ఆశయం. ఇప్పటికే సముద్రాల్లో ఓడల కష్టాలు, చంద్రుడి మీద నీళ్లు, కృత్రిమ మేధ వంటివి సభ్యులకు కొట్టినపిండి. ఈసారి విషయం ఊరి దగ్గరికే వచ్చింది: 'బంగాళాఖాతంలో వాయుగుండం, రైతు తక్షణ కర్తవ్యం'. వక్త వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయిన గిద్యోను గారు. మనుబోలులో తమ ఇంటి నుంచే మాట్లాడతారు.

సభ్యురాలు కామాక్షమ్మకు ఆ తక్షణ కర్తవ్యం నిజంగానే తక్షణం కావాలి. ఆమె రెండో పంట, ఎడగారు వడ్లు తారు రోడ్డు మీద ఆరబోసి ఉన్నాయి. ఇప్పుడే ఎత్తితే పచ్చి వడ్లు బస్తాల్లో ముక్కిపోతాయి. ఎత్తకముందే వాన వస్తే మొలకలొస్తాయి. ఏడాది తిండీ, వచ్చే పంట పెట్టుబడీ ఆ రోడ్డు మీదే ఉన్నాయి. మబ్బు పట్టింది గానీ, నిన్న కూడా ఇలాగే పట్టి తేలిపోయింది. అందుకే వడ్ల పక్కన కుర్చీ వేసుకుని, ఫోను పట్టుకుని, భక్తిగా కూర్చుంది.

అధ్యక్షుడు, రిటైర్డ్ లెక్చరర్ చంద్రమౌళి పెద్దలను పేరుపేరునా వేదిక మీదికి ఆహ్వానించాడు. ఎవరిళ్లలో వాళ్లు కుర్చీలోంచి లేచి, మళ్లీ అదే కుర్చీని అలంకరించారు. జ్యోతి ప్రజ్వలన అధ్యక్షుడి ముందుగదిలో జరిగింది. ఫ్యాను గాలికి ఆరిపోవడంతో ఇంకోసారి జరిగింది. బస్సు పార్శిల్లో ముందే పంపిన శాలువాను గిద్యోను గారు తమకు తామే కప్పుకుంటుంటే, ఇవతల అధ్యక్షుడు గాలిలోకి చేతులు చాచి కప్పుతున్నట్టు నిలబడ్డాడు. ఫొటో సరిగా రాలేదని శాలువా తీయించి మళ్లీ కప్పించారు.

తర్వాత ముఖ్య అతిథి పరిచయం. ఇది మనవాళ్ల దగ్గర తేలిగ్గా తేలే పని కాదు. గిద్యోను గారి బాల్యం పూర్తయి హైస్కూలు నడుస్తుండగా, ఆయన పక్కనున్న కంప్యూటర్‌లో మేఘాల బొమ్మ చూసి ఉలిక్కిపడ్డారు. రెండు చేతులూ ఊపారు. పెదవులు కదిలాయి. పరిచయం పూర్తి కాకుండా అతిథి మాట్లాడటం మర్యాద కాదు కనుక, సమన్వయకర్త సుభాషిణి ఆయన మైకు ఎప్పుడో కట్టేసింది. పొగడ్తలకు మొహమాటపడుతున్నారని అధ్యక్షుడు మురిసిపోయి, కాలేజీ రోజుల్లోకి ప్రవేశించాడు. అతిథి ఆకాశం వైపు వేలు చూపించారు. అంతా ప్రభువు దయ అంటున్నారని సభ గ్రహించి చప్పట్లు కొట్టింది.

కామాక్షమ్మకు మాత్రం ఎందుకో అనుమానం వచ్చింది. చెయ్యెత్తిన బొమ్మ నొక్కింది. సుభాషిణి ఆమె మైకు తెరిచింది. అడగవలసింది ఒక్క ముక్క: ఎత్తేదా, ఉంచేదా? కానీ సభ సభే. ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకుంది.

"సభకు నమస్కారం. అధ్యక్షులు చంద్రమౌళి సారుకి, ముఖ్య అతిథి గిద్యోను సారుకి, సుభాషిణక్కకి, కోశాధికారి నాగూర్ అన్నకి..."

అక్కడ వాన పడింది. ఆమె పైన కప్పడానికి పట్టలు లాగే లోపలే వడ్లు నీళ్లతో పాటు రోడ్డు పక్క కాలువలోకి దిగాయి. చేతిలో ఫోను అలాగే ఉండటంతో ఆకాశం, రోడ్డు, ఆమె పాదాలు సభ్యులకు వంతులవారీగా కనిపించాయి. ప్రత్యక్ష ప్రసారం చాలా స్పష్టంగా ఉందని పలువురు కొనియాడారు. అప్పుడు గిద్యోను గారి మైకు తెరిచారు.

"వడ్లు ఎత్తేయమ్మా అని ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నానే" అన్నారాయన.

సందేశాత్మక ప్రసంగానికి సుభాషిణి ధన్యవాదాలు తెలిపింది.

సాయంత్రం అధ్యక్షుడు కామాక్షమ్మకు ఫోన్ చేశాడు. వడ్ల గురించే అనుకుని ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన ఆమెను కాసేపు ఊరుకోబెట్టి విషయానికి వచ్చాడు: సభలో తన పేరు చెప్పలేదని ఉపాధ్యక్షుడు నొచ్చుకున్నాడట.

"చెప్పాలనే ఉన్నింది సార్. ఆయన పేరు కాడికొచ్చే లోపల వాన వచ్చేసింది."

ఈ సంజాయిషీని ఉపాధ్యక్షుడికి చేరవేశారు. ఆయన పెద్ద మనసు చేసుకుని కామాక్షమ్మను క్షమించాడు. వడ్లు ఏమాత్రం మిగిలాయని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరు కూడా ఆ ఉపాధ్యక్షుడి పేరేమిటా అనే ఆలోచిస్తున్నారు.