కిటికీ లేని గదిలో సముద్రయానం

కుటుంబంతో ఓడెక్కి విహారానికి వెళ్లేవాళ్లకు నాదొకటే సలహా. కిటికీ లేని గదే తీసుకోండి! సముద్రం కనపడే గది తీసుకున్నవాడంత అమాయకుడు ఇంకొకడు ఉండడు.

అసలు సముద్రంలో ఏముంది? నీళ్లు. మర్నాడు చూస్తే అవే నీళ్లు. సరుకు మారని కొట్టు ముందు ఎవరైనా అంతసేపు నిలబడతారా? నాది ఇనపసామాన్ల కొట్టు. ముందు వరసలో తాళాలు మార్చకపోతే పాత ఖాతాదారు కూడా మొహం తిప్పుకుని పోతాడు.

మా ఆవిడకు ఇది అర్థం కాదు. పెళ్లయినప్పటినుంచీ ఆవిడ నా పక్కన కూర్చున్నదంతా కొట్లోనే. ఒక్కసారైనా ఇద్దరం పక్కపక్కన కూర్చుని సముద్రం మీద తెల్లవారడం చూడాలని ఆవిడ కోరిక. ఓడైతే ఎక్కించాను. గది మాత్రం లోపలి వరసలో తీసుకున్నాను. లైటు ఆర్పాక ఏ గదైనా ఒకటే కదా!

ఆ గది గొప్పతనం ఏమని చెప్పను! కింది అంతస్తు, ఓడకు సరిగ్గా నడుమ. ఎంత అల వచ్చినా కడుపులో తిప్పదు. కింద రెండు మంచాలు, గోడలోంచి దిగే పై మంచాలు రెండు. అల్మారా తెరవాలంటే బాత్రూం తలుపు మూయాలి. బాత్రూం తలుపు తెరవాలంటే పై మంచం మీది మా బావమరిది కాళ్లు ముడుచుకోవాలి. ఇంట్లో ఎవరి గదిలో వాళ్లుండే మనుషులం, ఇక్కడ ఒకరు తుమ్మితే నలుగురం ముక్కు తుడుచుకున్నాం. ఇంతకన్నా ఐకమత్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇక చిట్కాలు. పెట్టెలు ఖాళీ చేసి మంచాల కిందికి తోసెయ్యండి. గోడలు రేకువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు పట్టుకెళ్లండి. నేను కొట్లోంచి ఒక అట్టపెట్టెడు తీసుకెళ్లాను. తువ్వాళ్లు, టోపీలు, సంచులు, గొడుగులు అన్నీ గోడకు వరసగా వేలాడదీసి, గాలి కోసం తలుపు బార్లా తీసి పెట్టాను.

వరండాలో పోతున్న ఓ పెద్దాయన ఆగాడు. ఆ నీలం తువ్వాలు ఎంతని అడిగాడు. పెద్దమనిషి నోరు తెరిచి అడిగాక లేదనడం మర్యాదేనా?

"బావా, నా తువ్వాలేదీ?" అని బాత్రూంలోంచి బావమరిది కేకేశాడు.

"అయిపోయింది" అన్నాను.

మర్నాటికి తలుపు ముందు వరస కట్టారు. కొక్కేలకైతే బాల్కనీ గదులవాళ్లు కూడా దిగొచ్చారు. గదులు సర్దే ఆయన రోజూ తువ్వాలును హంసలాగో ఏనుగులాగో మడిచి మంచం మీద పెట్టి వెళ్లేవాడు. నా వైపు నుంచి చూడండి, పైసా పెట్టుబడి లేకుండా రోజుకో కొత్త సరుకు! కోతి చేసిన రోజు గిరాకీ కాస్త పలచబడింది కానీ, ఏనుగు కోసం ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు.

కొట్టన్నాక ఎవరో ఒకరు ఉండాలి. ఆ మాటే మావాళ్లకు చెప్పాను. "నాన్నా, ఇది గది. నువ్వు లేకపోయినా ఎక్కడికీ పోదు" అని మా అమ్మాయి ఓడ పై డెక్కు మీదికి పోయింది. తడి ఒంటితో అలిగిన బావమరిదీ పోయాడు. మా ఆవిడ మాత్రం రోజూ చీకటుండగానే లేచి, చెప్పులు వేసుకుని, తలుపు దగ్గర కాసేపు నిలబడేది. "నువ్వు పద, వెనకే వస్తున్నా" అనేవాణ్ణి, టోపీలు సర్దుకుంటూ.

ప్రయాణం రేపటితో ముగుస్తుందనగా, నేను గోడవైపు తిరిగి పనిలో ఉన్నాను. గుమ్మం బయటినుంచి ఎవరో పిలిచారు.

"ఏవండీ, ఇక్కడ మా ఆయన దొరుకుతారా?"

"రేపు రండమ్మా, స్టాకొస్తుంది" అన్నాను వెనక్కి తిరక్కుండానే. ఏళ్ల తరబడి నోటికి పట్టిన మాట.

"రేపు ఓడ ఒడ్డుకు చేరుతుంది" అంది మా ఆవిడ. ఆవిడ నవ్వడం లేదు.

డెక్కు మీద ఆవిడ రోజూ రెండు కుర్చీలు పట్టి, రెండోదాని మీద చేతిసంచి పెట్టుకునేదట. ఎవరడిగినా "మనిషి వస్తారు" అనేదట. ఇది తర్వాత మా అమ్మాయి చెప్పింది. అందుకే మళ్లీ అంటున్నాను, కిటికీ లేని గదే తీసుకోండి. కిటికీ ఉంటే బేరం మధ్యలో కన్ను అటు పోతుంది. కన్ను పోతే కాలు పోతుంది. కాలు పోతే కొట్టేం కావాలి?

వచ్చే సెలవులకు మళ్లీ ఓడ. ఈసారి గది మా ఆవిడే తీసుకుంది. బాల్కనీ గది. సముద్రం వైపు గోడే లేదు, అంతా అద్దం. కొక్కెం అంటుకోదు. మంచాలు రెండే. అమ్మాయీ బావమరిదీ రావడం లేదట. మరి రెండో మంచం ఎవరికని అడిగాను.

"రేపు రండి, చెప్తాను" అంది.

రోజూ వెళ్లి అడుగుతున్నాను.