సగంలో ఆగిన గుండె పాఠం

అలమర తుడవడం సగంలో ఉంది. పై అరలు అయిపోయాయి, కింది అరలో కూతురి నోట్సులు మిగిలాయి. ఆ ఒక్క అరకు అయిదు నిమిషాలు చాలు గానీ, ఆమెకు రోజూ గంట పట్టేది. నోట్సులను ఆమె పైపైన తుడిచి వదిలేసే రకం కాదు. పైన గుడ్డతో తుడిచేది, లోపల కళ్లతో తుడిచేది.

ఆమె దర్జీ. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. భర్త సిటీ బస్సు డ్రైవరు. పదో తరగతి చదివే కూతుర్ని ఇంట్లో గువ్వ అంటారు. ఇద్దరూ ఎనిమిదిలోపు వెళ్లిపోతే, మిషను ముందు కూర్చునేలోగా ఒక గంట పూర్తిగా ఆమెది. ఆమె పుట్టిన ఊళ్లో బడి ఎనిమిదో తరగతితో ఆగింది కాబట్టి ఆమె కూడా అక్కడే ఆగింది. గువ్వ తొమ్మిదిలోకి వచ్చిన రోజున, ఎవరికీ చెప్పకుండా, తనూ తొమ్మిదిలో చేరింది. ఏ రోజు ఏ పీరియడ్ ఉండదో ఆ రోజు ఆ నోట్సు ఇంట్లో ఉంటుంది. అదే ఆమె టైంటేబులు.

ఆ మంగళవారం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. గుండె పాఠం పూర్తి చేయాలి, ఆ తర్వాత ఆరు చొక్కాలకు కాలర్లు ఎక్కించాలి. సైన్సు నోట్సు తెరిచింది. ఒళ్లంతా తిరిగి అలసిపోయిన రక్తం సిరల వెంట వచ్చి కుడి కర్ణికలో చేరింది. "అక్కడి నుంచి" అని రాసి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. పేజీ తిప్పింది, తెల్లకాగితం. ఇంకోటి తిప్పింది. చివరి అట్ట దాకా తెల్లకాగితమే.

సంగతేమిటో సాయంత్రం తెలిసింది. పదో తరగతిలో ఇష్టమైనవాళ్లు లాప్‌టాప్‌లో నోట్సు రాసుకోవచ్చని బడివాళ్లు ఒప్పుకున్నారట. మేనమామ వాడేసి పక్కన పెట్టినది ఒకటి గువ్వకు వచ్చింది.

"ఓసారి తెరవవే, చూస్తాను" అంది తల్లి.

"పాస్‌వర్డ్ ఉంటుందమ్మా. అయినా అందులో నీకేం కావాలి?"

గువ్వ ఆ మాట చెడ్డగా అనలేదు, హోంవర్కు మధ్యలో తల ఎత్తకుండా అంది. కానీ ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి పదిహేనేళ్ల పిల్లను పట్టుకుని, రక్తం ఎటు పోయిందే అని ఎలా అడుగుతుంది? పది రోజులు ఓపిక పట్టింది. కర్ణికలో రక్తం అలాగే నిలిచి ఉంది. చివరికి భోజనాల దగ్గర, ఎటో చూస్తూ, ఆ లాప్‌టాప్ వచ్చినప్పటి నుంచి పిల్లకు కళ్లవెంట నీళ్లు కారుతున్నాయని అంది.

ఇంకో ఇంట్లో అయితే ఆ మాట కంచాలతో పాటే కడిగేసేవారు. ఇక్కడ వింటున్నది బస్సు డ్రైవరు. ఏటా కళ్ల పరీక్ష దాటితేనే అతని చేతికి స్టీరింగు ఇస్తారు. మర్నాడే సగం రోజు సెలవు పెట్టి గువ్వను కళ్ల డాక్టరు దగ్గర కూర్చోబెట్టాడు. డాక్టరు చుక్కలు వేసి, లైటు వేసి, పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ చదివించి, కళ్లు లక్షణంగా ఉన్నాయన్నాడు. తనకసలు నీళ్లే కారలేదని గువ్వ మొత్తుకుంది.

"బ్రేకు ఫెయిలయ్యే ముందురోజు కూడా బండి బాగానే నడుస్తుంది" అన్నాడు తండ్రి. "డాక్టరు చూసింది పది నిమిషాలు. మీ అమ్మ రోజంతా చూస్తుంది."

తల్లి అప్పుడే నిజం చెప్పేయాల్సింది. నోట్సు తిరిగి వస్తుందేమోనన్న ఆశ ఆమెను ఆపింది.

తండ్రి బడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్లుగా అతను రాసినవి డిపోలో ఇచ్చే ప్రమాద నివేదికలే. చేయి తిరిగిన పద్ధతిలోనే ఇదీ రాశాడు. సంఘటన స్థలం: ఇంటి ముందు గది. కారణం: లాప్‌టాప్. నష్టం: కళ్లు, రెండూ. ప్రత్యక్ష సాక్షి: భార్య. ఎదుటివారి తప్పిదం ఉన్నదా: ఉన్నది.

హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివింది. రెండు కళ్లూ పోయిన పిల్ల బడికి ఎలా వస్తోందో ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాని కాగితాన్ని దాచకూడదన్నది ఆమె ఉద్యోగ సూత్రం. పదో తరగతిలో లాప్‌టాప్‌లన్నీ ఆపేసి, శుక్రవారం తల్లిదండ్రుల సమావేశం పెట్టింది. ఇదంతా ఎవరివల్ల వచ్చిందో క్లాసుకు తెలియడానికి ఒక పీరియడ్ చాలింది. పక్కన కూర్చునే పిల్ల, డెస్కు మీద చోటున్నా, చివరికంటా జరిగి కూర్చుంది. ఇంటికొచ్చిన గువ్వ అన్నం సగం వదిలేసింది.

అది చూసి తల్లి తనూ తినకుండా లేచింది. అయినా గురువారం ఉదయం, దొంగలా, అలమర దగ్గరికి వెళ్లింది. సైన్సు నోట్సు వచ్చేసింది. తెల్లకాగితాల మీద గువ్వ రాత మళ్లీ మొదలైంది. కానీ సారు ఈలోగా గుండె ముగించేశారు. కొత్త పేజీ పైన "మూత్రపిండాలు" అని ఉంది. రక్తం మూత్రపిండాలకు చేరుకోగానే, అని మొదలైంది పాఠం. ఆమె ఆ వాక్యాన్ని చాలాసేపు చూసింది. అంతదూరం అది ఏ దారిన వచ్చిందో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగిందో చెప్పే దిక్కు లేదు.

శుక్రవారం సమావేశంలో ఒక పళ్ల డాక్టరు లేచి, చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుందన్నాడు. అతని చేతిరాత మందుల షాపువాళ్లకే అర్థం కాదని వెనకనుంచి ఎవరో అన్నారు. రేపు ఉద్యోగాల్లో కాగితం ముట్టుకునేదెవరని ఇంకొకాయన నిలదీశాడు. పిల్లలు ఒక పక్క వరుసలో లాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని, ముద్దాయిల్లా కూర్చున్నారు. మాటా మాటా పెరిగాక హెడ్‌మిస్ట్రెస్ ప్రత్యక్ష సాక్షిని లేవమంది. కళ్లవెంట నీళ్లు ఎప్పుడు, ఎంతసేపు కారాయో చెప్పమంది.

తల్లి లేచింది. గువ్వ తలవంచుకుని ఉంది.

"పాప కళ్లు బాగానే ఉన్నాయండీ. నేనే అబద్ధం చెప్పాను." సైన్సు సారు వైపు తిరిగింది. "రక్తం కుడి కర్ణికలోకి వచ్చిందండీ. అక్కడితో నోట్సు ఆగిపోయింది. మూడు వారాలైంది. అక్కడి నుంచి ఎటు వెళ్లిందో నాకు తెలీదు."

తండ్రి ఆమె వైపు, తప్పు రూటులో వచ్చిన బండిని చూసినట్టు చూశాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. సైన్సు సారు మెల్లగా లేచి, ఆవిడకు ఎవరైనా చెప్పండిరా అని పిల్లల్ని అడిగారు. లాప్‌టాప్‌లు తెరుచుకున్నాయి. ఒకదానికి చార్జింగ్ లేదు. ఒకదాంట్లో గుండె అన్న శీర్షిక ఉంది, కింద ఖాళీ. గువ్వ బోర్డును ఫోటో తీసి పెట్టుకుంది, అందులో బోర్డుకన్నా ముందు బెంచీ పిల్ల జడే ఎక్కువ కనిపించింది. పళ్ల డాక్టరు కొడుకు మాత్రం, మన ఒంట్లోనే ఎక్కడో ఉంటుంది సార్ అన్నాడు.

సారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గుండె బొమ్మ గీశారు. కర్ణికలోంచి కుడి జఠరికలోకి, జఠరికలోంచి ఊపిరితిత్తులకు బాణాలు వేశారు. కూర్చోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించేది కాదు.

"మళ్లీ గుండెకే వస్తుందా అండీ?"

"వస్తుందమ్మా. ఈసారి ఎడమవైపుకి."

ఆమె తల ఊపింది. ఊరి నుంచి ఉత్తరం అందినట్టుగా ఉంది ఆ ముఖం.

చివరికి తీర్మానం ఇలా అయింది. లాప్‌టాప్‌లు ఉంటాయి. కానీ వాటిలో నోట్సే రాస్తున్నారో లేదో చూడటానికి వారానికొకరు చొప్పున తల్లిదండ్రులు వెనక బెంచీలో కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారని హెడ్‌మిస్ట్రెస్ అడగ్గానే అందరికీ పనులు గుర్తొచ్చాయి. ఒక్క చెయ్యి లేచింది. మిగతా వారాలకు కూడా ఆవిడే అయితే బాగుంటుందని పళ్ల డాక్టరు ప్రతిపాదించాడు. అంతసేపు కొట్టుకున్న రెండు వర్గాలూ ఏకమై చప్పట్లు కొట్టాయి.

గువ్వ రెండు రోజులు మాట్లాడలేదు. సోమవారం తెల్లవారి లేచేసరికి వంట అయిపోయి ఉంది, మిషను మీద గుడ్డ కప్పి ఉంది. తల్లి తల దువ్వుకుని, చేతిలో కొత్త నోట్సుతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గువ్వ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, లాప్‌టాప్ మామయ్యకి ఇచ్చేస్తానే. అన్నీ చేత్తోనే రాస్తాను. బొమ్మలకు రంగులు కూడా వేస్తాను. రోజూ నీకే ఇస్తాను. నువ్వు క్లాసుకి మాత్రం రాకమ్మా."

"అడిగిందంతా ఇస్తానంటోంది కదే" అన్నాడు తండ్రి, మంచం మీంచి.

నెల కిందట ఆ మాట విని ఉంటే ఆమె దేవుడికి దండం పెట్టుకునేది. ఇప్పుడు కూతురి వేళ్లు ఒక్కొక్కటీ మెత్తగా విడిపించింది, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దింది, చెప్పులు వేసుకుంది. మెట్లు దిగి వీధిలోకి నడిచింది.

మొదటి బెల్లుకి ఇంకా గంటన్నర టైముంది.